ఎలక్ట్రిక్ కారు రెండేళ్లు వాడాక చెప్తున్నా, బండి కంటే ముందు ప్లగ్ పాయింట్ సంగతి తేల్చుకోండి

పెట్రోల్ కారు అమ్మేసి టాటా నెక్సాన్ ఈవీ (ఎలక్ట్రిక్ కారు) లాంగ్ రేంజ్ తీసుకుని రెండేళ్లు దాటింది, 40.5 యూనిట్ల బ్యాటరీది. ఉండేది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, ఆఫీసు గచ్చిబౌలి, సొంతూరు తెనాలి దగ్గర. అంటే రోజూ సిటీ ట్రాఫిక్కు, వీలైనప్పుడల్లా విజయవాడ హైవే, రెండూ బాగా తిరిగా. బండి పికప్ ఎలా ఉంది, స్క్రీన్ ఎంత పెద్దది, సన్‌రూఫ్ ఉందా లాంటివి చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవి వదిలేస్తున్నా. లిఫ్టులో కలిసినవాళ్లు, ఆఫీసులో వాళ్లు, పెళ్లిళ్లలో బంధువులు అందరూ అడిగేది "చార్జింగ్ ఎలాగండీ?" అని ఒక్కటే, అదే వివరంగా రాస్తా. చార్జింగ్ అర్థమైతే ఈ బండంత సుఖం ఇంకోటి లేదు, అర్థం కాకుండా కొంటే మాత్రం ప్రతి ప్రయాణం టెన్షనే.

మొదట యూనిట్‌కీ కిలోవాట్‌కీ తేడా బుర్రకెక్కాలి. బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పేది యూనిట్లు, మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. ఎంత స్పీడుగా ఎక్కుతుందో చెప్పేది కిలోవాట్. గీజర్ పెట్టే 15 ఆంప్స్ పవర్ ప్లగ్గులో పెడితే బండి సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, అంటే గంటకి 3 యూనిట్లు, అందులో పదో వంతు వేడి రూపంలో పోతుంది. రాత్రి 10కి పెట్టి పొద్దున 6కి తీస్తే 20, 22 యూనిట్లు బ్యాటరీలోకి చేరతాయి, సిటీలో అది 140, 150 కిలోమీటర్లకి వస్తుంది. మనలో రోజూ 150 కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఎంతమందండీ? పూర్తిగా ఖాళీ బ్యాటరీ నింపడానికి 15 గంటలు పడుతుందని విని అందరూ కంగారు పడతారు కానీ ఖాళీ నుంచి ఫుల్ దాకా ఎక్కించాల్సిన అవసరం రోజువారీ వాడకంలో రానే రాదు. పొద్దున లేచేసరికి నిన్న ఖర్చయింది మళ్లీ వచ్చేసి ఉంటుంది, అంతే.

ఇంకో ముక్క. గోడకుండే ప్లగ్గులో వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీకి కావాల్సింది డీసీ. ఇంట్లో చార్జ్ చేసేటప్పుడు ఆ మార్చే పని బండి లోపల ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్ చేస్తుంది, మా బండిలో అది 7.2 కిలోవాట్లది, కాబట్టి మీరు 22 కిలోవాట్ల ఏసీ పాయింట్ దగ్గర పెట్టినా 7.2 కంటే ఎక్కువ తీసుకోదు. హైవే మీద బీరువాలంత ఉండే ఫాస్ట్ చార్జర్ ఆ పని బయటే చేసేసి డీసీ నేరుగా బ్యాటరీకి ఇస్తుంది, అందుకే అంత స్పీడు. గన్ను, అంటే బండికి గుచ్చే ప్లగ్గు, కూడా ఇక్కడ దాదాపు అన్ని కార్లకీ ఒకటే, సీసీఎస్ 2 అంటారు, పైభాగంలో గుండ్రంగా ఉన్నది ఇంటి చార్జింగ్‌కి, కింద ఉన్న రెండు లావు పిన్నులు డీసీకి. "మా బండికి ఆ చార్జర్ పడుతుందో పడదో" అన్న భయం కార్ల వరకు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, అపార్ట్‌మెంట్. సెల్లార్లో నా పార్కింగ్ దగ్గర పాయింట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్లో పెద్ద చర్చే జరిగింది. మంటలొస్తే ఎవరిది బాధ్యత, కామన్ కరెంటు వాడేస్తాడేమో, రేపు అందరూ అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా అని. ఏ ప్రశ్నా తప్పు కాదు, అందుకే ఒక్కోదానికి ఓపిగ్గా జవాబు చెప్పా. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఇప్పుడున్న కరెంటు కనెక్షన్ మీదే బండి చార్జ్ చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది, ఆ కాగితం ప్రింట్ తీసి ప్రెసిడెంట్ గారికి ఇచ్చా. లైను నా ఫ్లాట్ మీటర్ నుంచే వస్తుంది, బిల్లు నాదే, పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేస్తాడు, దానికి విడిగా ట్రిప్ అయ్యే స్విచ్ ఉంటుంది అని రాసిచ్చా. ఇప్పుడు మా సెల్లార్లో ఇంకొన్ని ఈవీలు వచ్చాయి, అప్పుడు గట్టిగా అడ్డుపడ్డ పెద్దాయన కూడా ఒకటి కొన్నారు, చాలా సంతోషం.

వైరింగ్ దగ్గర మాత్రం దయచేసి పిసినారితనం వద్దు. గీజర్ గంటలోపు ఆగిపోతుంది, బండి రాత్రంతా ఫుల్ లోడ్ లాగుతూనే ఉంటుంది, మామూలు సాకెట్ అయితే పిన్నుల దగ్గర వేడెక్కి నల్లబడుతుంది. మీటర్ ప్యానెల్ నుంచి పార్కింగ్ దాకా దూరం ఉంటే 15 ఆంప్స్‌కి కూడా 4 ఎంఎం కాపర్ వైరు లాగించండి, గోడకి బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ బాక్స్ పెట్టుకుంటే 6 ఎంఎం, దూరం మరీ ఎక్కువైతే 10 కూడా. మామూలు సాకెట్ బదులు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకోవడం మేలు. ఎంసీబీ ఒక్కటే సరిపోదు, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీబీఓ (కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కచ్చితంగా ఉండాలి, సెల్లార్లో తడి ఉంటుంది, పిల్లలు ఆడుకుంటుంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కిటికీలోంచి వైరు వేలాడదీసి చార్జ్ చేసేవాళ్లని చూశా, వద్దు బాబూ.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. ఫ్యాన్లూ టీవీలూ ఎర్తింగ్ లేకపోయినా తిరుగుతాయి కాబట్టి మన ఇళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఈవీ చార్జర్ మాత్రం ముందు ఎర్తింగ్ చూస్తుంది, బాగోలేకపోతే ఎర్ర లైటు వెలిగించి చార్జింగ్ మొదలే పెట్టదు. కొత్తగా కొన్నవాళ్లు "బండి పాడైంది" అని షోరూంకి ఫోన్ చేసేది ఎక్కువగా ఇక్కడే. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ మీటర్ పెట్టి చూపించమనండి, రెండు మూడు వోల్టుల లోపుంటే నిశ్చింత. మా ఊళ్లో నాన్న ఇంట్లో పాత ఎర్తింగ్ తుప్పు పట్టిపోయి బండి చార్జ్ అవ్వలేదు, బావి పక్కన కొత్తగా గొయ్యి తీయించి రాగి రాడ్డు దింపి బొగ్గూ ఉప్పూ వేయిస్తే మళ్లీ ఇబ్బంది రాలేదు. ఎండాకాలం నేల ఎండిపోతుంది కదా, నాన్న తులసికోటకి నీళ్లు పోసేటప్పుడే ఎర్తింగ్ గొయ్యిలో కూడా ఓ బకెట్ పోస్తారు. ఆ పని వల్ల నా బండికే కాదు, ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమనే బాధ కూడా పోయిందని అమ్మ అంటుంది.

7.2 బాక్స్ కావాలా అంటే, త్రీ ఫేజ్ మీటర్ ఉండి లోడ్ ఉంటే పెట్టుకోండి, ఖాళీ నుంచి ఫుల్‌కి ఆరేడు గంటల్లో అయిపోతుంది, సాయంత్రం అనుకోకుండా దూరం వెళ్లాల్సొస్తే పనికొస్తుంది. సింగిల్ ఫేజ్ వాళ్లు దాని జోలికి పోకుండా 15 ఆంప్స్‌తోనే హాయిగా గడిపేయొచ్చు. నేను మొదటి ఏడాది అంతా 15 ఆంప్స్ మీదే నడిపా, ఏనాడూ లోటు అనిపించలేదు. ఏది పెట్టినా మీ కాంట్రాక్టెడ్ లోడ్ (మీ కనెక్షన్‌కి ఇచ్చిన కిలోవాట్ల పరిమితి) ఎంతో బిల్లు మీద చూసుకుని, తక్కువుంటే డిస్కం అంటే కరెంటు ఆఫీసులో అప్లై చేసి పెంచుకోండి.

ఖర్చు. సిటీలో, వేడికి పోయేది కూడా కలిపి గోడ ప్లగ్గులోంచి లాగిన కరెంటంతా లెక్కేస్తే నాకు యూనిట్‌కి 6 కిలోమీటర్ల పైన వస్తుంది. తెలంగాణలో నెలకి 200 యూనిట్లు దాటితే స్లాబ్ కేటగిరీయే మారిపోతుంది, 400 దాటాక యూనిట్ 9 రూపాయల పైనే, కాబట్టి బండి తాగే కరెంటుకి పై స్లాబ్ రేటే వేసుకోండి, కింద రేటు వేసి సంబరపడొద్దు. అలా వేసినా కిలోమీటర్‌కి రూపాయిన్నర. నా పాత పెట్రోల్ బండి ట్రాఫిక్కులో లీటర్‌కి 14 ఇచ్చేది, ఇక్కడ పెట్రోల్ 107 దాటింది, కిలోమీటర్‌కి ఏడున్నర. బయట ఫాస్ట్ చార్జర్లలో యూనిట్ 18 నుంచి 25 దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, కొన్ని యాపులు అది కలిపి చూపిస్తాయి కొన్ని చివర్లో వేస్తాయి, చూసుకోవాలి. అంటే పూర్తిగా బయట చార్జర్ల మీదే బతికితే పెట్రోల్‌తో పోల్చుకున్న లాభం సగానికి సగం పడిపోతుంది. కొత్తగా కొనేవాళ్లకి ఒక మంచి మాట, తెలంగాణలో 2024 నవంబర్లో వచ్చిన పాలసీ ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకి రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా లేవు, కారు రేటు మీద అది లక్షల్లో తేడా.

హైవే సంగతి. ఫుల్ చార్జ్‌కి 465 కిలోమీటర్లు అని కంపెనీ బ్రోచర్లో ఉంటుంది, అది ల్యాబ్ టెస్టులో వచ్చిన అంకె, ఏ బండికైనా ఆ అంకె రోడ్డు మీద రాదు. నాకు సిటీలో 290 నుంచి 300, హైవేలో 90 మీద వెళ్తే 250 చిల్లర, 110 మీద తోలితే 220 కూడా కష్టం. గాలిని చీల్చుకుంటూ పోవడానికే కరెంటంతా పోతుంది, స్పీడు కొంచెం పెరిగినా ఆ ఖర్చు చాలా పెరుగుతుంది. విజయవాడకి 270 కిలోమీటర్లు, కూకట్‌పల్లి నుంచి పెద్ద అంబర్‌పేట దాకా కలిపితే 300 దాటుతుంది, కాబట్టి మధ్యలో ఒక్కసారి ఆగాలి. 100 శాతంతో బయల్దేరితే సూర్యాపేట వచ్చేసరికి 35 చిల్లర ఉంటుంది, అక్కడ టిఫిన్, టీ, పిల్లల బాత్‌రూం అన్నీ అయ్యేసరికి 80 దాటుతుంది, విజయవాడ చేరేసరికి ఇంకా 30 దాకా మిగులుతుంది. పెట్రోల్ బండిలో వెళ్లినప్పుడు కూడా అక్కడ ఆగేవాళ్లమే.

ఫాస్ట్ చార్జర్ దగ్గర తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. బోర్డు మీద 120 కిలోవాట్లు అని ఉన్నా బండి తన శక్తి మేరకే తీసుకుంటుంది, మాది సగటున 30 చిల్లర మీద నడుస్తుంది, 10 నుంచి 80కి గంట లోపు. 60 కిలోవాట్ల డబుల్ గన్ మెషీన్లలో చాలావాటికి పక్క గన్ను ఎవరైనా పెట్టగానే చెరి 30 పంచుకుంటాయి, కాబట్టి పక్కపక్కన రెండు మెషీన్లుంటే ఖాళీగా ఉన్నదాని దగ్గరకి వెళ్లండి. 80 దాటాక స్పీడు బాగా తగ్గిపోతుంది, ఆ చివరి 20 కోసం కూర్చునే బదులు బయల్దేరి వెళ్లిపోవడం మీకూ మంచిది, వెనకాల వెయిట్ చేసేవాళ్లకీ మంచిది. ఒక్క యాప్‌నే నమ్ముకోవద్దు, టాటా పవర్, జియో బీపీ, స్టాటిక్, జియాన్ ఇలా నాలుగైదు వేసుకుని వాలెట్లో కొంచెం కొంచెం డబ్బులు ముందే ఉంచుకోండి. ప్లగ్‌షేర్‌లో (చార్జర్ ఎలా ఉందో వాడినవాళ్లే రాసే యాప్) పొద్దున ఎవరైనా చార్జ్ చేసినట్టు రాశారా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒక హోటల్ దగ్గర మెషీన్ (పేరు అనవసరం) యాప్‌లో పనిచేస్తున్నట్టే చూపించింది, దగ్గరికెళ్తే స్క్రీనే వెలగలేదు, అప్పుడు ఇంకా 35 శాతం ఉంది కాబట్టి తర్వాతి దానికి ప్రశాంతంగా వెళ్లాం. అందుకే నేను 10, 15 దాకా ఎప్పుడూ దించను, ఒక చార్జర్ ఫెయిలైనా తర్వాతి దాకా వెళ్లేంత ఉండాలి. సంక్రాంతికి మాత్రం లెక్క వేరు. పంతంగి టోల్ దగ్గర ఎంత క్యూ ఉంటుందో మీకు తెలిసిందే, చార్జర్ల దగ్గరా అదే పరిస్థితి, నేను పండగకి తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతా, సూర్యాపేట చేరేసరికి మెషీన్ ఖాళీగా ఉంటుంది.

ఘాట్ రోడ్డు అంటే భయపడేవాళ్లకి, శ్రీశైలం వెళ్లినప్పుడు దోమలపెంట దాటి డ్యాం దాకా దిగుతుంటే రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీ నింపే పద్ధతి) పెట్టుకుని బ్రేక్ దాదాపు తొక్కకుండానే దిగొచ్చు, శాతం తగ్గకపోగా పెరుగుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం గబగబా తింటుంది, ఆ లెక్క వేసుకునే బయల్దేరాలి.

బ్యాటరీ ఆరోగ్యం. మా బండిలోది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, వేడికి బాగా తట్టుకుంటుంది, రోజూ 80 దగ్గరే ఆపాలన్న పట్టింపు దీనికి అంతగా లేదు, పైగా అప్పుడప్పుడూ 100 దాకా నింపితేనే లోపలి కంప్యూటర్ శాతం సరిగ్గా లెక్కగడుతుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం ఉన్నవాళ్లు రోజువారీకి 80 చాలు అనుకోండి, మీ బండి ఏ రకమో మాన్యువల్లో చూసుకోండి. మే నెల ఎండలో ఫాస్ట్ చార్జ్ చేస్తే బ్యాటరీ వేడెక్కి తనే స్పీడు తగ్గించుకుంటుంది, అది బండి తన్ను తాను కాపాడుకోవడమే, నీడలో పెట్టండి, పొద్దున్నే వెళ్లండి. వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, రెండేళ్లలో నాకైతే రేంజ్ తగ్గినట్టు ఎక్కడా కనిపించలేదు.

ఇక ఎవరు తీసుకోవచ్చు అంటే, సొంత పార్కింగ్, దాని దగ్గరికి మీ మీటర్ నుంచి లైను, ఈ రెండూ ఉన్నవాళ్లు ఆలోచించకుండా తీసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఓనర్ గారితో ముందే మాట్లాడి ఒప్పించుకున్నాకే బండికి అడ్వాన్స్ కట్టండి, సబ్ మీటర్ పెడతానంటే చాలామంది ఒప్పుకుంటారు. రోడ్డు మీద బండి పెట్టుకునేవాళ్లు, ఆఫీసులో కూడా చార్జింగ్ లేనివాళ్లు ఇంకొన్నాళ్లు ఆగమనే నేను చెప్తా, వారానికి రెండుసార్లు గంటేసి చార్జర్ దగ్గర కూర్చోవడం మొదటి నెల బాగానే ఉంటుంది గానీ తర్వాత ఇంట్లోవాళ్లకే విసుగొస్తుంది. షోరూం వాళ్లు ఫ్రీగా వచ్చి సైట్ చూస్తామంటే డబ్బు కట్టకముందే రప్పించండి, ఎర్తింగ్ చెక్ చేసి వోల్టేజ్ ఎంతుందో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం ఫొటో ఫోన్లో ఉంచుకోండి, ఎలక్ట్రీషియన్‌కి పని చెప్పేటప్పుడు అదే చూపించొచ్చు.