సీసం వదిలి జింకు గుండ్లు: ఐదేళ్ల వాడకం తర్వాత

ఐదేళ్లుగా నా గాలపు గుండ్లు, అంటే చేపల గాలం నీటి అడుక్కి దిగేందుకు దారానికి కట్టే బరువులు, జింకుతో పోత పోసుకుంటున్నాను. అంతకుముందు పదేళ్లు సీసమే. మారడానికి కారణం ఇంట్లో పాకడం మొదలుపెట్టిన పాప. సీసం ముట్టుకున్న చేత్తో తలుపు గడియ తీయాలన్నా భయం వేసేది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అందుకే మారినందుకు ఈ రోజుకీ సంతోషమే. కానీ సీసం పోసిన చేతివాటంతోనే జింకూ పోసేయొచ్చనుకుంటే దెబ్బతింటారు. నేను తిన్నాను.

మొదటి దెబ్బ బరువు దగ్గర. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, జింకుది 7.14. వంద గ్రాముల సీసపు గుండు వచ్చే అచ్చులో జింకు పోస్తే 63 గ్రాములే వస్తుంది. నీళ్లలో దిగాక, నిష్పత్తిలో చూస్తే తేడా ఇంకాస్త పెరుగుతుంది: సీసపు గుండు 91 గ్రాముల దాకా లాగితే, అదే సైజు జింకు గుండు 54 దగ్గర ఆగిపోతుంది. వాగు జోరుగా ఉన్న రోజున నా గుండు అడుగున నిలవక దొర్లుకుంటూ పోయింది. పాత అచ్చులన్నీ పక్కన పెట్టి పెద్దవి చేయించుకోవాల్సి వచ్చింది.

ఇక పోత. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకుకి 419 దాటాలి. అచ్చు చల్లగా ఉంటే లోహం సగంలోనే గడ్డకట్టి, గుండుకి దారం కట్టే చెవి రాదు. మొదటి ఆరేడు పోతలు మళ్లీ మూసలో (లోహం కరిగించే పాత్రలో) పడేయడానికే అనుకోండి. అల్యూమినియం అచ్చయితే జింకు దానికి అతుక్కుంటుంది, కాబట్టి ముందుగా కొవ్వొత్తి మసి పట్టిస్తాను. పోత తోకను, అంటే లోహం పోసిన రంధ్రం దగ్గర గుండుకి అంటుకుని మిగిలే ముక్కను, సీసంలో పటకారుతో తిప్పితే ఊడేది. జింకు చల్లారాక పెళుసు. బలవంతం చేస్తే తోకతో పాటు గుండులో ముక్క కూడా లేచిపోతుంది. 100 నుంచి 150 డిగ్రీల మధ్య అది మెత్తబడుతుందని తెలిశాక పని సులువైంది. గుండు మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయే వేడి ఉండగానే తోక కోసేస్తాను. ఆ చుక్క గట్టిపడిన గుండు మీదే సుమా. కరిగిన లోహంలో పడితే ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

పొగ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. రెండో ఏడు, త్వరగా కరగాలని మూస మీద నేరుగా టార్చ్ మంట పెట్టాను. దూది పింజల్లా తెల్లటి పొర గాలిలో తేలింది. ఏముందిలే అనుకున్నాను. రాత్రికి నోట్లో తియ్యటి లోహపు రుచి, ఎముకల్లోంచి చలి, జ్వరం. మర్నాడు సాయంత్రానికి తగ్గింది. జింకు పొగ పీల్చినవాళ్లకు వచ్చే జ్వరం అదేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆరుబయటే పని, థర్మామీటర్ 450 దాటనివ్వను.

రెండు లోహాలనూ కలవనివ్వకండి. చక్రాల బ్యాలెన్స్ బరువులు ఏరి కరిగించేవాళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. సీసపు రోజుల్లోనే జింకు ముక్క ఒకటి కనిపెట్టలేక వేసేశాను. మూసంతా జావలా ముద్దయిపోయింది, అందులోంచి ఒక్క గుండూ సరిగ్గా రాలేదు. కటింగ్ ప్లయర్ పెట్టి చూడండి: సీసంలో దిగుతుంది, జింకు మీద జారుతుంది. గచ్చు మీద పడేస్తే జింకు ఖంగుమంటుంది.

మన్నిక? మంచినీళ్లలో చాలా బాగుంది. రాళ్ల మీద సీసంలా సొట్టలు పడదు, కాస్త మసకబారుతుందంతే. ఉప్పునీళ్లలో మాత్రం తెల్లటి పొట్టు కట్టి తరిగిపోతుంది. పడవ అడుగున తుప్పు తన మీదికి లాక్కోవడానికి బిగించేది ఈ జింకు దిమ్మలనే, ఆశ్చర్యమేముంది! సముద్రానికి వెళ్లేవాళ్లకు నేను జింకు చెప్పను.

పక్షుల కోసం మారుదామనుకునేవాళ్లకు ఒక మాట. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో 28.35 గ్రాముల దాకా ఉన్న సీసపు గుండ్ల అమ్మకం ఆపింది. కానీ 1994లో అమెరికా పర్యావరణ సంస్థ చిన్న గుండ్ల మీద నిషేధం ప్రతిపాదించినప్పుడు సీసంతో పాటు జింకునూ చేర్చింది. పక్షి మింగితే జింకు కూడా విషమే. అందుకే పెద్ద గుండ్లకే జింకు వాడుతున్నాను. దారానికి నొక్కి బిగించే చిన్న గుళ్లకు జింకు ఎలాగూ పనికిరాదు, నొక్కితే వంగదు. వాటికి తగరం పోస్తున్నాను: 232 డిగ్రీలకే కరుగుతుంది, వేళ్ల మధ్య మెత్తగా మూసుకుంటుంది. దాని మూస వేరే, గరిటె వేరే.