సాడిల్ కింద పిజో పికప్: చెన్నై ఉక్కపోతలో నాలుగేళ్ల వాడకం

తీర్పు ముందే చెప్పేస్తా. అకౌస్టిక్ గిటారు తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్. వినబడే ధ్వనిలో పావలా వంతు ఈ పికప్‌ది, ముప్పావలా సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని ముక్క) అడుగు ఎంత చదునుగా ఉందన్నదానిది.

సెట్టులో ఉండేవి సాడిల్ కింద పరిచే పిజో పట్టీ (నొక్కుడు పడితే కరెంటు పుట్టించేది), ఎండ్‌పిన్ జాక్ (గిటారు అడుగు కొసన కేబుల్ గుచ్చే చోటు), దాన్ని అంటుకునే ఉన్న ప్రీయాంప్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు చేసే చిన్న సర్క్యూట్), సౌండ్‌హోల్ అంచు లోపల అతికించే వాల్యూమ్ చక్రం. గిటారు పక్కకి కిటికీ కోయక్కర్లేదు. అలా కోసినవాటిలో ప్రీయాంప్ పోతే సరిగ్గా అదే కొలతది వెతుక్కోవాలి.

ప్రీయాంప్ ఎందుకంటారా, పిజో కరెంటు లెక్కలో ఓ చిన్న కెపాసిటర్. 1 నానోఫారడ్ పట్టీని మిక్సర్‌లో 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కి నేరుగా గుచ్చితే 16 కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా సన్నగిల్లుతుంది. 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇచ్చినా కోత 160 హెర్ట్జ్ దగ్గరే మొదలు, ఆరో తీగేమో 82 హెర్ట్జ్. 10 మెగాఓమ్‌లైతే కోత 16 హెర్ట్జ్‌కి దిగుతుంది, ఇక ఇబ్బంది లేదు. అంత ఇన్‌పుట్ ఇవ్వడమే ప్రీయాంప్ పని.

అసలు పని సాడిల్ దగ్గర. పట్టీ మందం 1 మి.మీ. అయితే సాడిల్ అడుగున అంతే అరగదీయాలి, లేకపోతే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) లేస్తుంది. 220 సాండ్‌పేపర్‌ని అద్దం మీద అంటించి, సాడిల్ నిటారుగా పట్టి రుద్దాలి. ఊరికే చేత్తో రుద్దితే రెండు కొసలూ అరిగి నడుము ఉబ్బుతుంది: మూడు, నాలుగు తీగలు అరుస్తాయి, ఒకటి, ఆరు గొణుగుతాయి. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి పట్టండి, సందులోంచి గీత కనబడితే ఇంకా పని ఉన్నట్టే. గాడిలో రంపపు పొట్టు రవ్వ మిగిలినా ఇదే గోల. సాడిల్ వేళ్లతో లాగితే రావాలి, బోర్లిస్తే రాలకూడదు. పట్టీ లోపలికి దిగే రంధ్రం వాలుగా తొలిచి అంచు నున్నగా చేయాలి. నిలువుగా తొలిస్తే పట్టీ అక్కడ మడతపడి చస్తుంది.

జాక్‌కి 12 మి.మీ. రంధ్రం. మామూలు డ్రిల్ బిట్ పాలిష్‌ని పెచ్చులుగా లేపుతుంది, మెట్ల రీమర్‌తో నెమ్మదిగా వెడల్పు చేయించండి. నట్టు బిగించేటప్పుడు జాక్ తిరగకుండా దాని అడ్డ రంధ్రంలో మేకు గుచ్చి పట్టుకోవాలి, లేకపోతే లోపల వైర్లు మెలిపడి తెగుతాయి.

ఇక మన ఊరి సంగతి. ఈశాన్య రుతుపవనాల్లో చెక్క ఉబ్బి సాడిల్ గాడిలో బిగుసుకుంటుంది, ఏదో ఒక తీగ మూగబోతుంది. ప్రీయాంప్‌ని తిట్టకుండా తీగలు వదులు చేసి, సాడిల్ తీసి, పక్కలు రెండు మూడు సార్లు రుద్ది పెడితే చాలు. బీసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి చోట్ల జాక్ గరగరమంటుంది. దాన్ని శుభ్రం చేసే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది.

9 వోల్టుల బ్యాటరీకి స్విచ్చు ఆ జాకే. కేబుల్ గుచ్చగానే జాక్‌లోని రింగ్, స్లీవ్ అనే రెండు కొసలు కలిసి కరెంటు పారుతుంది, కాబట్టి వాయించి పక్కన పెట్టగానే కేబుల్ పీకేయాలి. గట్టిగా స్ట్రమ్ చేస్తే ధ్వని చిరిగినట్టుంటే బ్యాటరీ అయిపోవచ్చిందన్నమాట. చిరగకుండా "క్వాక్"మంటే అది పిజో గుణం, మిక్సర్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఓ 3 డెసిబెల్స్ తగ్గించుకోండి.

బ్యాటరీ గొడవే వద్దంటే కే అండ్ కే ప్యూర్ మినీ అనే పికప్ ఉంది: గిటారు లోపల బ్రిడ్జ్ కింది చెక్కకి (బ్రిడ్జ్ ప్లేట్) అతికించే మూడు బిళ్లలు, సాడిల్ జోలికి పోనక్కర్లేదు. కాకపోతే స్టేజీ మీద మానిటర్ స్పీకర్ పక్కన నిలబడితే పట్టీ కన్నా ముందే కూత పెడుతుంది.