కాస్కేడ్ లాక్స్ ఒడ్డు మీద సాల్మన్: మన గాలాలు మూతపడ్డ రోజుల్లో ఇక్కడ కొనండి

పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉంటూ చేప అంటే పడిచచ్చే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొలంబియా నది పక్కన కాస్కేడ్ లాక్స్ అని చిన్న ఊరు ఉంది. పోర్ట్‌లాండ్ నుంచి ఐ-84 మీద తూర్పుగా ముప్పావు గంట డ్రైవ్. అక్కడ బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ అనే ఇనప వంతెన దగ్గర నేటివ్ అమెరికన్ జాలర్లు తాము పట్టిన సాల్మన్‌ని దళారీ లేకుండా అక్కడికక్కడే అమ్ముతారు. అమెరికా వచ్చాక నేను డబ్బు పెట్టి కొన్న చేపల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు. ఐదుకి ఐదు.

ముందు చేప సంగతి. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ ట్రేలో కనిపించే నారింజ రంగు ముక్క చాలామటుకు పెంపకం సాల్మనే. ఇక్కడ మీకు దొరికేది సముద్రంలో ఏళ్ళ తరబడి పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వచ్చిన చినూక్ అనే రకం సాల్మన్. నేను కొన్నావిడ ఐస్ లోంచి చేపని రెండు చేతులా పైకెత్తి, నేను అడక్కముందే మొప్పలు తెరిచి చూపించింది. ముదురు ఎరుపు, జిగట లేదు. వేలితో నొక్కితే సొట్ట పడకుండా వెంటనే పైకి లేచింది. తల వెనక వల తాడు ఒరుసుకున్న సన్నటి గీత ఒకటి ఉంది, దానివల్ల మాంసానికేమీ కాదు. పొట్ట కోసినప్పుడు చూడాలి, ఎర్రటి మాంసం మధ్య తెల్లటి కొవ్వు చారలు. ఈ చేప సముద్రం వదిలాక ఇక మేత మేయదు, ఒంట్లో దాచుకున్న ఈ కొవ్వుతోనే వందల మైళ్ళు ఈదుతుంది. ఆ రుచంతా అక్కడిదే.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్లో వెళ్తే చినూక్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. పైనదికి, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ రీచ్ అనే చోటు దాకా పోయేవాటిని బ్రైట్ అంటారు, ఒళ్ళు వెండిలా ఉండి మాంసం ఎర్రగా ఉంటుంది. కింది వాగుల్లో గుడ్లు పెట్టేవాటిని ట్యూలీ అంటారు, అవి నదిలోకి వచ్చేసరికే చర్మం నల్లబడి మాంసం పాలిపోయి ఉంటుంది, రేటు కూడా తక్కువే. పొగబెట్టుకునేవాళ్ళకి ట్యూలీ పనికొస్తుందేమో గానీ మన పులుసుకి బ్రైట్ అనే అడిగి తీసుకోండి. అడిగితే దాచకుండా చెప్తారు. తలకాయ, జెన వదిలేయకండి, చాలామంది తెల్లవాళ్ళు తీసుకోరు కాబట్టి అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు. చింతపండు కాస్త ఎక్కువ వేసి, నూనె బాగా తగ్గించి చేయండి, కొవ్వు చేప కదా, దాని నూనె అదే వదులుతుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మనవాళ్ళలో లైసెన్స్ తీసుకుని గాలం వేసేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు, చాలా సంతోషం. కానీ సీజన్ మధ్యలో "రేపటి నుంచి సాల్మన్ పట్టడం బంద్" అని నోటీస్ రాగానే ప్రతి గ్రూపులోనూ ఒకటే మాట: మన గాలాలు ఆపేసి నేటివ్ వాళ్ళ వలలు మాత్రం వదిలేశారు, ఇదెక్కడి న్యాయం అని. ఒడ్డు మీద వాళ్ళ దగ్గర చేప కొనడానికి వెళ్ళి మరీ వాళ్ళ ముందే ఈ మాట అన్నవాళ్ళని చూశాను. నాకు చాలా బాధేసింది. ఆ అమ్మే ఆవిడ ఏమీ అనలేదు, కానీ అనాల్సిన అవసరం మనకుంది.

లెక్క ఇలా ఉంటుంది. కొలంబియా పరీవాహకంలో 13 సాల్మన్, స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్ళొచ్చే ట్రౌట్ చేప) జాతులు అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉన్నాయి. ఎవరు పట్టినా వాటిలో ఇన్నికి మించి చావకూడదని పరిమితి ఉంటుంది. ఆ పైన పట్టడానికి మిగిలే చేపని ఈ నేటివ్ తెగలకి, మిగతా అందరికీ పంచుతారు. వసంత కాలపు చినూక్ విషయంలో ముందస్తు అంచనా తప్పొచ్చని భయపడి, అంచనాలో 30 శాతం కోసేసి ఆ మిగతా లెక్క మీదే మన గాలాలకి ముందు అనుమతి ఇస్తారు. కొలంబియా మీదున్న బోనవిల్ డ్యామ్ దగ్గర ఫిష్ ల్యాడర్ (చేపలు డ్యామ్ దాటడానికి కట్టిన మెట్లు) ఎక్కే చేపల్ని లెక్కపెట్టి, మే నెలలో అంచనా సవరించాక మిగులు ఉంటే మళ్ళీ తెరుస్తారు, లేకపోతే లేదు. అంటే మన బంద్ మన వాటా అయిపోతేనో, చేప తక్కువ వస్తేనో వచ్చేది. వాళ్ళ వల వల్ల కాదు. వాళ్ళకీ వాటా ఉంది, అది నిండితే వాళ్ళ తెగల ప్రభుత్వాలు వాళ్ళ జాలర్లకి బంద్ పెడతాయి. అమ్మకానికి పట్టే సీజన్ తెరవకపోతే పూజలకి, ఇంట్లో తినడానికి పట్టిన చేపని అమ్మడానికే వీల్లేదు.

అడవి చేపల (నదిలో సహజంగా పుట్టినవాటి) విషయంలో వాళ్ళకి ఎక్కువ శాతం ఇచ్చారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ సగం నిజం. వసంత కాలంలో మనం గాలానికి పడిన చేప వీపు మీద, తోకకి దగ్గర్లో ఉండే చిన్న రెక్క కత్తిరించి ఉంటేనే, అంటే హ్యాచరీలో గుడ్ల నుంచి పెంచి నదిలో వదిలిన చేప అయితేనే ఉంచుకుంటాం. రెక్క ఉంటే నీళ్ళలో వదిలేస్తాం. వదిలినవాటిలో చచ్చేవాటినే మన ఖాతాలో రాస్తారు. వాళ్ళు వలలో పడిన ప్రతి చేపనీ ఉంచుకుంటారు, ప్రతిదీ వాళ్ళ ఖాతాలో పడుతుంది. అందుకే శాతాలు వేరుగా ఉన్నా, మొత్తం చేపల్లో వాళ్ళ వాటా కంటే మన వాటా మించకూడదనే షరతు విడిగా పెట్టారు. ఈ వాటాల ఒప్పందం రాష్ట్రాలు, కేంద్రం, తెగలు కూర్చుని రాసుకున్నది, ఇప్పుడు నడుస్తున్నది 2018 నుంచి 2027 దాకా.

అయినా అది ఎవరో దయతలచి ఇచ్చిన వాటా కాదు. యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పర్స్ తెగలు 1855లో ఒప్పందాలు చేసుకుని కోట్ల ఎకరాల నేల వదులుకున్నాయి. తరతరాలుగా పట్టే చోట చేప పట్టే హక్కు మాత్రం వదులుకోలేదు. దాన్ని రాష్ట్రాలు వందేళ్ళ పాటు తొక్కిపెట్టాయి, అరెస్టులు చేశాయి, వలలు లాక్కున్నాయి. యాకమా జాలరి డేవిడ్ సొహాపీ, ఆయనతో పాటు ఇంకొందరు కోర్టుకెక్కితే 1969లో జడ్జి రాబర్ట్ బెలోనీ న్యాయమైన వాటా ఇవ్వాల్సిందే అన్నాడు. 1974లో వాషింగ్టన్ వైపు జడ్జి జార్జ్ బోల్ట్ అది సగం అని తేల్చాడు, 1979లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఈ లోపల పోయింది చాలా ఉంది. కాస్కేడ్ లాక్స్ నుంచి ఇంకాస్త తూర్పుకి వెళ్తే సెలైలో అనే చోటు వస్తుంది. వేల ఏళ్ళుగా జనం జలపాతం మీద చెక్క మంచెలు కట్టి, పొడుగాటి కర్ర వలలతో సాల్మన్ పట్టిన చోటు. 1957 మార్చి 10న డాల్స్ డ్యామ్ గేట్లు మూస్తే కొన్ని గంటల్లో జలపాతం మొత్తం మునిగిపోయింది. చేప తగ్గిందంటే డ్యాముల్ని అడగాలి. ఒకప్పుడు ఏడాదికి కోటికి పైగా చేపలు వచ్చిన నది ఇది. గ్రాండ్ కూలీ డ్యామ్‌కి అసలు చేప ఎక్కే మెట్లే కట్టలేదు, దాని పైన నదంతా సాల్మన్‌కి మూసుకుపోయింది. గోదావరి వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, వరద నీటికి సముద్రం నుంచి ఎదురెక్కే పులసకి ధవళేశ్వరం ఆనకట్ట ఏం చేసిందో వాళ్ళకి తెలుసు.

ఇంకో సంగతి, మన గాలానికి పడే చేపలో వాళ్ళ చెమట ఉంది. 1990లో, కొలంబియాలో కలిసే స్నేక్ నది మీద లోయర్ గ్రానైట్ డ్యామ్ దాటిన అడవి జాతి ఫాల్ చినూక్ (శరత్కాలంలో వచ్చేవి) కేవలం 78. నెజ్ పర్స్ తెగ హ్యాచరీ పట్టుబట్టి కట్టుకుని పిల్లల్ని పెంచి నదిలో వదలబట్టే ఏటా వచ్చే ఆ చేపల సంఖ్య మళ్ళీ వేలల్లోకి వచ్చింది. ఉమటిల్లా నదిలో దశాబ్దాల పాటు కనిపించని సాల్మన్‌ని 1980ల్లో తిరిగి తెచ్చిందీ ఉమటిల్లా తెగ పోరాటమే. మన ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మోటారు లేని సంప్రదాయ నాటు పడవలకి మినహాయింపు ఇస్తారు, అది మనకి అన్యాయంగా అనిపించదు కదా. ఇక్కడ అంతకంటే గట్టి కాగితం ఉంది, కోర్టు తీర్పులున్నాయి.

సరే, వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఉదయం పది తర్వాత వెళ్ళండి, చీకటి పడేలోపు సర్దేస్తారు. నగదు తీసుకెళ్ళండి. పెద్ద ఐస్ బాక్స్, నిండా ఐస్ తప్పనిసరి, ఎండలో కారు డిక్కీలో గంటసేపు చేప ఉంచితే మొత్తం కష్టం వృథా. రసీదు అడగండి, రాసిస్తారు. కొన్న చేపని మళ్ళీ ఇంకొకరికి అమ్మకూడదు, అపార్ట్‌మెంట్లో పది మందికి ఆర్డర్ తీసుకుని లాభం వేసుకుని పంచే ఆలోచన ఉంటే మానుకోండి. బేరం ఆడొద్దని కూడా నా మనవి. రాత్రంతా గాలిలో, చలిలో పడవ మీద ఉండి తెచ్చిన చేప అది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చాలాసార్లు నిండు చేపే అమ్ముతారు, ఇంట్లో కొట్టుకునే ఓపిక ఉండాలి, కొందరు కాస్త డబ్బు తీసుకుని బాగు చేసిస్తారు. ముందే బుక్ చేసుకునే ఏర్పాటు లేదు, మీరు వెళ్ళేసరికి అయిపోయి ఉండొచ్చు. వారాంతంలో పార్కింగ్ టెన్షనే. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి రోజూ అమ్మరు. నాలుగు తెగల ఉమ్మడి చేపల కమిషన్ ఎప్పుడు అమ్మకాలు తెరిచి ఉన్నాయో ప్రకటిస్తుంది, బయల్దేరే ముందు రోజు అది చూసుకోండి. సెప్టెంబర్ మొదట్లో వెళ్ళగలిగితే అదే మంచి సమయం, రేటు అందుబాటులో ఉంటుంది, బ్రైట్‌లు దండిగా ఉంటాయి. వసంత కాలపు చినూక్ ఇంకా కొవ్వు చేప, ఖరీదూ ఎక్కువే, దొరకడమూ తక్కువే, కానీ దొరికితే వదలకండి.