సెయింట్ జాన్స్‌బరీ: కాటాల డబ్బుతో కట్టిన ఊరు

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి న్యూహాంప్‌షైర్ కొండల దాకా వెళ్లి అటునుంచి అటే తిరిగొచ్చేస్తారు. అక్కడి లింకన్ ఊరి దగ్గర్నుంచి ఐ-93 హైవే మీదే ఇంకో ముప్పావుగంట వెళ్తే వెర్మాంట్‌లోని సెయింట్ జాన్స్‌బరీ వస్తుంది. శని, ఆదివారాల్లో దారిలోని ఫ్రాంకోనియా నాచ్ కనుమను పొద్దున్నే దాటేయాలి. అక్కడ హైవే అటొక లేను, ఇటొక లేనుగా సన్నబడుతుంది, పది దాటితే బండి కదలదు.

ఈ ఊరిని నిలబెట్టినవాడు థేడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ (1796–1886). మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో పుట్టి, 1815లో ఇక్కడికొచ్చాడు. బళ్లు, పొయ్యిలు చేశాడు, 1826లో పోత ఇనుప నాగలికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో హెంప్ నార వ్యాపారం ఊపందుకుంది. నార బండిని తూచాలంటే గొలుసులు కట్టి మొత్తం బండినే పైకి లేపాలి. తూకమూ అంతంతమాత్రమే. థేడియస్ గొయ్యి తవ్వించి, నేలకు సమంగా బల్ల పరిచి, కింద మీటలు అమర్చాడు. ఈ ప్లాట్‌ఫారం కాటాకు పేటెంటు 1831లో వచ్చింది. అన్న ఎరాస్టస్ వ్యాపారం చూసుకున్నాడు, తర్వాత రెండుసార్లు రాష్ట్రానికి గవర్నరయ్యాడు.

కిటుకంతా ఆ మీటల్లోనే. నాలుగు మూలల మీటలూ బరువును ఒకే నిష్పత్తిలో తగ్గించి ఒకే దండెకు అందించాలి. అప్పుడు బండి చక్రం ఏ మూలన ఆగినా తూకం మారదు. మూలకో నిష్పత్తి ఉంటే ఆ కాటా పనికిరాదు. ఒకప్పుడు మన రేషన్ షాపుల్లో, రైసుమిల్లుల్లో దండె మీద గుండు జరిపి తూచిన ప్లాట్‌ఫారం కాటాలూ ఈ కోవకు చెందినవే. పాత కాటాను చూసేటప్పుడు బల్లకూ చట్రానికీ మధ్య సందు గమనించండి. అందులో రాయో మట్టో ఇరుక్కుంటే కొంత బరువు చట్రం మీదికి పోయి తూకం తక్కువ చూపిస్తుంది. కత్తి అంచులా ఉండే ఆనికలు అరిగితే దండె మొరాయిస్తుంది, చిన్న తేడాలకు కదలదు.

పాత కాటాలు చూడాలనుకున్నవాళ్లు సమ్మర్ స్ట్రీట్‌లోని హిస్టరీ అండ్ హెరిటేజ్ సెంటర్‌కు వెళ్లాలి. తెరిచే వేళలు తక్కువ, ఫోన్ చేసుకుని బయల్దేరండి. పాత ఫ్యాక్టరీ టూర్ దొరుకుతుందని ఆశపడొద్దు.

మెయిన్ స్ట్రీట్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ మ్యూజియం పిల్లలున్నవాళ్లకు. ఎరాస్టస్ కొడుకు ఫ్రాంక్లిన్ కట్టించాడు, 1891లో తెరిచారు. ఎర్రరాతి కట్టడం, లోపల పీపాను సగానికి కోసి బోర్లించినట్టున్న ఓక్ చెక్క కప్పు, కింద అద్దాల బీరువాల నిండా గడ్డి కూరిన పక్షులు, జంతువులు. జాన్ హాంప్సన్ అనే మెకానిక్ వేల పురుగులను అతికించి చేసిన బొమ్మల దగ్గర పెద్దవాళ్లూ ఆగిపోతారు. ప్లానిటోరియం చాలా చిన్నది, టికెట్ కూడా వేరు. లోపలికెళ్లగానే ముందు దాని సంగతి చూసుకోవాలి. కాటాల చరిత్ర కోసమే అయితే ఈ మ్యూజియం నిరాశపరుస్తుంది.

అదే వీధిలో నాలుగడుగులు నడిస్తే అథీనియం. ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడమంటాం. ఎరాస్టస్ మరో కొడుకు హొరేస్ 1871లో గ్రంథాలయంగా కట్టించి, రెండేళ్లకు వెనక చిత్రశాల చేర్చాడు. అందులో గోడంతా ఆక్రమించిన చిత్రం ఒకటుంది: అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ బీర్‌స్టాట్ గీసిన యోసెమిటీ లోయ దృశ్యం, 1867 నాటి ‘డోమ్స్ ఆఫ్ ద యోసెమిటీ’, సుమారు 10 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు. మొదటి యజమాని 25,000 డాలర్లిచ్చి గీయించుకుంటే, వేలంలో 5,100కే పోయింది. ఎదురుగా చిన్న బాల్కనీ ఉంది, చిత్రాన్ని అక్కణ్ణుంచే చూడాలి. వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి పడుతుంది కాబట్టి మధ్యాహ్నమే వెళ్లండి. మబ్బు పట్టిన సాయంత్రం చిత్రంలోని లోయంతా మసకబారుతుంది.

థేడియస్ సమాధి మౌంట్ ప్లెజెంట్ శ్మశానంలో ఉంది. ఆసక్తి ఉంటేనే.

భోజనానికి, కాఫీకి ఈస్టర్న్ అవెన్యూ దిగి రైల్‌రోడ్ స్ట్రీట్‌కు వెళ్లాలి. ఆ దిగుడు బాగా నిటారు, పెద్దవాళ్లుంటే కార్లోనే దిగండి. శాకాహారులకు పిజ్జా, సలాడ్‌లతో సరి. పులిహోర కట్టుకెళ్తే హాయి. బస విషయంలో, ఊళ్లో ఉన్నవి కొద్దిపాటి మోటెళ్లే. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్యదాకా గదులు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది. ఇరవై మైళ్ల దూరంలో, న్యూహాంప్‌షైర్‌లోని లిటిల్టన్‌లో హోటళ్లూ తిండీ మెరుగు, పైగా తిరుగుదారిలోనే ఉంటుంది. ఏప్రిల్‌లో మాత్రం వద్దు: మంచు కరిగి పల్లెదారులన్నీ బురదే.