క్వార్ట్జ్‌సైట్ ఎడారి నుంచి కోటిలింగాల రేవు దాకా

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి ఆర్వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే, కాపురం పెట్టినవాళ్లు ఒక చోట దిగే ముందు చూసుకునేవి మామూలుగా కొన్నే. కరెంటు 30 ఆంప్సా 50 ఆంప్సా, నీళ్లు ఉన్నాయా, మురుగు వదలడానికి డంప్ స్టేషన్ ఎంత దూరం, పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఏం కనిపిస్తుంది. ఈ జనవరిలో నాన్న పోయాక మా లెక్కలో వీటన్నిటికీ ముందు ఇంకో మూడు చేరాయి. ఫోన్ పలుకుతుందా? బండిని ఎక్కడ వదిలి వెళ్లొచ్చు? ఎయిర్‌పోర్టుకి ఎన్ని గంటలు? అమ్మానాన్నలు ఇండియాలో ఉండి మనం ఇక్కడ చక్రాల మీద తిరుగుతుంటే, ఈ మూడింటికీ జవాబు ఉన్న చోటే మంచి చోటు. మేం దిగిన చోట్లు, వాడుకున్న సర్వీసులు ఆ లెక్కలో ఎలా నిలబడ్డాయో రాస్తున్నాను. మాలాగే తిరుగుతున్న తెలుగువాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

కబురు వచ్చినప్పుడు మేం ఆరిజోనాలో, క్వార్ట్జ్‌సైట్ దగ్గర లా పోసా సౌత్‌లో ఉన్నాం. అది కేంద్ర ప్రభుత్వపు భూమి. బీఎల్ఎం అనే శాఖ చూసుకుంటుంది. మామూలు బీఎల్ఎం భూముల్లో ఒకచోట 14 రోజులకి మించి ఉండనివ్వరు. లా పోసాలో మాత్రం, మేం ఉన్నప్పటి ధరల్లో, 180 డాలర్ల పర్మిట్ తీసుకుంటే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. రెండు వారాలు చాలనుకుంటే 40 డాలర్లు. కరెంటు లేదు, సోలార్ పెట్టుకోవాల్సిందే. నీళ్లు పట్టుకోవడానికి, ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి, చెత్త వేయడానికి ఏర్పాట్లున్నాయి. చలికాలం ఎండ హాయిగా ఉంటుంది. జనవరిలో పెద్ద గుడారం వేసి ఆర్వీ షో పెడతారు, అప్పుడు ఆ ఎడారంతా బళ్లతో నిండిపోతుంది. నాకు తిరునాళ్లలా అనిపిస్తుంది. ధరకి తగ్గ చోటు అనడం తక్కువే, అంతకంటే చాలా ఎక్కువ ఇస్తుంది. ఊళ్లో టవర్ దగ్గరే కాబట్టి సిగ్నల్ ఉంటుంది. షో రోజుల్లో జనం పెరిగి నెట్ నత్తనడక నడుస్తుంది, అందుకే మేం స్టార్‌లింక్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టుకున్నాం.

తమ్ముడి వాట్సాప్ కాల్ ఆ స్టార్‌లింక్ మీదే వచ్చింది. ఆరిజోనాకీ మనకీ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడా. మాకు రాత్రి తొమ్మిదిన్నర, రాజమండ్రిలో పొద్దున పది. "అక్కా, నాన్న లేవలేదే" అన్నాడు. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. లేవకపోతే డాక్టర్‌ని పిలువు అన్నాను. డాక్టర్ వచ్చి వెళ్లాడని చెప్పాడు. వెనకాల అమ్మ ఏడుపు వినిపించాక అర్థమైంది. నాన్నకి ఎనభై దాటాయి, నిద్రలోనే పోయారు. మంచి చావు అని తర్వాత అందరూ అన్నారు. నాకా మాట ఇప్పటికీ ఓదార్పుగా లేదు.

ఎంతసేపు ఉంచాలన్న చర్చ అక్కడ మొదలైపోయింది. బాబాయి సాయంత్రానికల్లా కానిచ్చేద్దామన్నారట. అమ్మే గట్టిగా, "అది వచ్చేదాకా ఆయన్ని కదపొద్దు" అందట. ఆ మాటతో అటు వాళ్లకీ ఇటు మాకూ పని నిర్ణయమైపోయింది.

ఇక్కడొక సంగతి. లా పోసాలో నెలల తరబడి ఉండొచ్చు గానీ, మనుషులు లేకుండా బండిని వారాలకొద్దీ వదిలేయడానికి నియమాలు ఒప్పుకోవు. అందుకని ట్రక్కుకి తగిలించి లాగే మా బండిని, ఫిఫ్త్ వీల్ అంటారు దాన్ని, ఫీనిక్స్ దాకా లాక్కెళ్లి స్టోరేజీలో పెట్టాలి. స్టోరేజీలో పెట్టే ముందు ట్యాంకులు ఖాళీ చేయాలి, లేకపోతే తిరిగొచ్చేసరికి ఆ బండిలో మనిషి ఉండలేడు. తెల్లారకముందే డంప్ స్టేషన్ దగ్గర లైన్లో ఉన్నాం. మా ఆయన బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లతో ఫోన్లో ఉన్నారు, ట్యాంకుల పని నాది. రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, గొట్టం బిగించి, ముందు టాయిలెట్ మురుగు ఉండే బ్లాక్ ట్యాంక్ వాల్వ్ లాగాను. ఆ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడాలి. తర్వాత సింకు, స్నానం నీళ్లుండే గ్రే ట్యాంక్, సబ్బునీళ్లతో గొట్టం కడిగేస్తుంది కాబట్టి అది ఎప్పుడూ రెండోదే. నాన్న పోయిన మర్నాడు పొద్దున నేను చేసిన మొదటి పని ఇది. వెనక లైన్లో ఉన్న పెద్దాయన నా మొహం చూసి ఏమీ అడగలేదు. నా చేతిలో గొట్టం తీసుకుని, చుట్ట చుట్టి, డబ్బాలో పెట్టి వెళ్లారు.

పక్క సైటు వాళ్లు కెనడా దంపతులు, చలికాలమంతా అక్కడే ఉంటారు. రాత్రి మా లైట్లు ఆరలేదని తలుపు కొట్టి, విషయం తెలిసి, పొద్దున తమ కారులో ఫీనిక్స్ దాకా మా వెనకే వచ్చారు. స్టోరేజీలో బండి, ట్రక్కు రెండూ వదిలాక మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపింది వాళ్లే. ఆర్వీ జీవితంలో ఇరుగుపొరుగు ఉండరనుకునేవాళ్లకి లా పోసా చూపించాలి నేను.

క్వార్ట్జ్‌సైట్ నుంచి ఫీనిక్స్ దాదాపు 130 మైళ్లు, ఐ-10 మీద తిన్నగా. మేం ముందు వెళ్లిన స్టోరేజీలో అపాయింట్‌మెంట్ లేకుండా లోపలికి రానివ్వమన్నారు. మనిషి పోయాడని చెప్పినా కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. రెండో చోట ఇన్సూరెన్స్ కాగితం, రిజిస్ట్రేషన్ ఫోన్లో చూపిస్తే పదిహేను నిమిషాల్లో గేటు కోడ్ ఇచ్చారు. పైకప్పు ఉన్న స్లాటు ఓపెన్ స్లాటు కంటే ఖరీదే, కానీ ఆరిజోనా ఎండకి ఆ డబ్బు పెట్టడం నయం. గ్యాస్ కట్టేశాం, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు ఓరగా తెరిచి పెట్టాం, బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేశాం. ఫీనిక్స్‌లో కాబట్టి ఇంతటితో సరిపోయింది. అదే ఉత్తరాన గడ్డకట్టే చలిలో ఉండుంటే నీళ్ల పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ కూడా ఎక్కించాలి. తొందరలో ఉన్నవాళ్లకి అది ఇంకో రెండు గంటల పని. చలికాలంలో దక్షిణాన ఉండటానికి ఇదీ ఒక కారణమే.

టికెట్ల విషయం. చావు సందర్భంలో తగ్గింపు ఇచ్చే ఎయిర్‌లైన్స్ అమెరికాలో ఇప్పుడు చాలా తక్కువ. డెల్టా, అలాస్కా ఇస్తాయి, అదీ ఫోన్ చేసి అడిగితేనే. ఇండియా దాకా వెళ్లే మా దారికి అవేవీ కుదరలేదు. ఫీనిక్స్ నుంచి లండన్, అక్కడి నుంచి హైదరాబాద్, రెండూ బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలే. ఒక్కసారే మారాలి, లగేజీ తిన్నగా వెళ్తుంది. ధర ఎక్కువే అయినా మళ్లీ అలాంటి రోజు వస్తే నేను అదే ఎక్కుతాను, రెండు మూడు చోట్ల దిగి పరిగెత్తే ఓపిక ఆ స్థితిలో ఉండదు. మా ఇద్దరికీ ఓసీఐ కార్డులు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చేవి) ఉన్నాయి కాబట్టి వీసా టెన్షన్ లేదు. పాత పాస్‌పోర్టు కూడా మోసుకెళ్లాలన్న నిబంధన 2021లోనే తీసేశారు. ఓసీఐ లేని అమెరికా పౌరులు ఈ-వీసాకో, కాన్సులేట్‌లో అత్యవసర వీసాకో పరిగెత్తాలి. హెచ్-1బీ వాళ్ల కష్టం వేరు, వెళ్లడం తేలికే గానీ తిరిగి రావడానికి చెల్లుబాటయ్యే స్టాంపింగ్ ఉండాలి. ఆ కాగితాలన్నీ ఒకే సంచిలో, మంచం కింద కాకుండా తలుపు పక్కన పెట్టుకోమని చెబుతాను.

తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. రాజమండ్రికి మూడు దారులు. సికింద్రాబాద్ నుంచి వందే భారత్ సౌకర్యంగా ఉంటుంది కానీ తెల్లవారుజామున వెళ్లేది మాకు అందదు, ఇంకోటి మధ్యాహ్నం దాకా బయల్దేరదు. కారులో అయితే ఏడెనిమిది గంటలు. ఎయిర్‌పోర్టు దాటకుండానే చిన్న విమానం ఎక్కి గంట పైచిలుకులో రాజమండ్రి ఎయిర్‌పోర్టున్న మధురపూడిలో దిగడం మాకు సరిపోయింది. పెట్టెలు తీసుకునేసరికి మావయ్య కొడుకు కారుతో బయట ఉన్నాడు.

నాన్నని హాల్లో ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచారు. ఊళ్లో ఇప్పుడు ఈ బాక్సులు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, ఫోన్ చేస్తే గంటలో తెచ్చి కరెంటు పెట్టి వెళ్తారు. తమ్ముడు చెప్పిన ప్రకారం ఆ కుర్రాడు రాత్రి మళ్లీ వచ్చి చల్లదనం సరిగ్గా ఉందో లేదో చూసి వెళ్లాడట, కరెంటు పోతే అని ఇన్వర్టర్‌కి కలిపి పెట్టాడట. ఆ పని అంత శ్రద్ధగా చేసిన మనిషిని నేను చూడలేదు, కానీ నాన్న మొహం చూడగలిగానంటే అతని చలవే. పైన అద్దానికి లోపలి నుంచి కాదు, బయట నుంచి చెమ్మ పట్టేది. ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడల్లా మరదలు తువ్వాలుతో తుడిచేది. నేను గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి తను తుడుస్తూనే ఉంది. రెండు రోజులుగా ఆ తువ్వాలు తన భుజం మీదే ఉందట. తమ్ముడు రేవుకీ ఇంటికీ తిరుగుతుంటే, అమ్మని పట్టుకుని, వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చి, పిల్లల్ని పక్కింట్లో పడుకోబెట్టి, అన్నీ తనే చేసింది. దూరంగా ఉన్న ఆడపడుచు విమానం దిగి వచ్చి ఏడిస్తే అందరూ పక్కన చేరతారు. అక్కడే ఉన్న కోడలిని కూర్చోమని కూడా ఎవరూ అనరు. నేనన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే కోటిలింగాల రేవు పక్కన కైలాసభూమి అనే శ్మశానానికి తీసుకెళ్లారు. శుభ్రంగా ఉంది, నీడ ఉంది, కూర్చోవడానికి అరుగులున్నాయి, స్నానాలకి మెట్లు దగ్గరే. 2015 పుష్కరాలప్పుడు ఈ రేవుని బాగా పొడిగించి కట్టారు, మళ్లీ 2027 పుష్కరాలు వస్తున్నాయి. మూడో రోజు అస్థికలు గోదావరిలో కలిపినప్పుడు మెట్ల మీద నీటి వరస దగ్గర పాకుడు ఎక్కువగా ఉంది, పెద్దవాళ్లని ఇద్దరు పట్టుకుని దించాలి. పెళ్లైన కూతురికి మైల మూడు రోజులే అంటారు. పెద్దకర్మ దాకా ఉండి వెళ్లమని అమ్మ అడిగింది. అడగకపోయినా ఉండేదాన్ని. బయటి ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలకి స్టేషన్ దగ్గర హోటల్లో గదులు తీసుకున్నాం. మేం మాత్రం ఇంట్లోనే, మేడ మీద చాపల మీద పడుకున్నాం.

కాగితాల పని అక్కడ ఉండగానే చేసుకోవాలి. మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి, ఆ గడువులో ఫీజు లేదు. నాన్న రిటైర్డ్ హెడ్‌మాస్టర్ కాబట్టి అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావాలి, దానికి సబ్ ట్రెజరీలో డెత్ సర్టిఫికెట్ కావాలి. బ్యాంకుకి ఇంకోటి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి ఇంకోటి. ఒరిజినల్ కాపీలు నాలుగైదు తీసుకోవడం మంచిది. ఇంటి విషయంలో నాకు అభ్యంతరం లేదన్న కాగితం మీద అక్కడే సంతకం పెట్టేశాను. అమెరికా తిరిగొచ్చాక పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే కాన్సులేట్ ధృవీకరణో, అపోస్టిల్ అనే అంతర్జాతీయ ధృవీకరణో చేయించి, అది ఇండియా చేరిన మూడు నెలల లోపల స్టాంపు డ్యూటీ కట్టాలి. నిలకడగా ఒక ఊరు లేని మాలాంటివాళ్లకి అది పెద్ద తతంగం.

తిరిగొచ్చేసరికి బండి వదిలినట్టే ఉంది. టైర్లలో కొంచెం గాలి తగ్గింది, లోపలంతా సన్నని దుమ్ము. క్వార్ట్జ్‌సైట్‌కి వెళ్లాలనిపించలేదు. కబురు రావడానికి కిందటి వారమే అక్కడ హాజీ అలీ సమాధి చూశాం. ఒంటెలు తోలడానికి 1856లో అమెరికా సైన్యం తెప్పించుకున్న మనిషి, 1902లో అక్కడే పోయాడు. రాళ్లతో పిరమిడ్‌లా కట్టి పైన రాగి ఒంటెని పెట్టారు. చూసినప్పుడు ఫొటో తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు మాత్రం, తను పుట్టిన దేశంలో కన్నవాళ్లు పోయినప్పుడు ఆయనకి ఎవరు కబురు చేసుంటారా అనే ఆలోచన వదలడం లేదు.

అందుకే ఫీనిక్స్ చుట్టుపక్కలే ఉండిపోయాం. మేసా ఊళ్లో అషరీ (Usery) మౌంటెన్ పార్కు నాకు బాగా నచ్చింది. సైటులోనే కరెంటు, నీళ్లు, సైటుకీ సైటుకీ మధ్య కావాల్సినంత ఎడం, ఎయిర్‌పోర్టు గంట లోపే. లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కు ఇంకా అందం, సూపర్‌స్టిషన్ కొండలు తలుపెదుటే ఉంటాయి, కానీ చలికాలంలో సైటు దొరకాలంటే చాలా ముందే బుక్ చేయాలి. టూసాన్ దగ్గర కాటలీనా కూడా మంచిదే, ఫీనిక్స్ విమానం అందుకోవడానికి రెండు గంటలు పడుతుంది. టెక్సస్‌లో బిగ్ బెండ్, యూటాలో వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ చూసినవాళ్లు ఎందుకు వదిలారని అడుగుతారు. అక్కడి రాత్రులు నాకూ ఇష్టమే. కానీ మైళ్లకొద్దీ సిగ్నల్ ఉండదు, నాన్న సంవత్సరీకం అయ్యేదాకా అటు వెళ్లం.

అమ్మ వస్తానంటోంది. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది, వీసా ఇంటర్వ్యూకి తమ్ముడు తీసుకెళ్తాడు. వీసా వస్తే వచ్చే జనవరికి అషరీలోనే సైటు తీసుకుంటాం. బండి ఎక్కే మెట్లు అమ్మకి ఎత్తు, కాబట్టి రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు బిగించే పని మా ఆయన ఈ వారమే మొదలుపెట్టారు.