నేపుల్స్ ఇళ్లలో ఇద్దరు: మునచెల్లో, బెల్లా ఎంబ్రియానా

ఇటలీలోని నేపుల్స్‌లో పాత ఇళ్లను రెండు ఆత్మలు అంటిపెట్టుకుని ఉంటాయని నమ్మకం.

మునచెల్లో సన్యాసి అంగీ వేసుకున్న పొట్టివాడు. మనసైతే డబ్బు పెట్టిపోతాడు, లేదంటే గిన్నెలు పగలగొడతాడు, వస్తువులు దాచేస్తాడు. డబ్బు సంగతి బయట చెప్పారో, ఇక అంతే సంగతులు. ఊరి కింద నీటి తొట్లు చూసుకునే పనివాళ్లు బావుల్లోంచి ఇళ్లలోకి ఎక్కి వచ్చేవారనీ, ఈ కథ అలా పుట్టిందనీ ఒక వాదన. కూలి ఎగ్గొట్టిన ఇంట్లో సామాను మాయమయ్యేదట! చాటుగా వచ్చిపోయే ప్రియుళ్లకు కూడా ఈ పేరు బాగానే పనికొచ్చి ఉంటుంది.

బెల్లా ఎంబ్రియానా ఇంటిని కాచే అందగత్తె. కంటపడితే బల్లిగా మారిపోతుందట, అందుకే బల్లిని కొట్టరు. ఇల్లు మారే మాట ఇంట్లో ఎత్తితే ఆమెకు కోపం. అదేదో బయటే మాట్లాడుకోవాలి.

కథ చెప్పడానికి మునచెల్లోనే సరదా. ఒకే ఇంట్లో ఉండాలంటే మాత్రం నా ఓటు ఆమెకే.