గూగుల్ అనలిటిక్స్‌లో ‘గడిపిన సమయం’: 2017 నుంచి వాడుతున్న ఒక తెలుగు టీచర్ అనుభవం

హైస్కూల్లో తెలుగు చెప్తాను. పిల్లల కోసం శతక పద్యాలకు భావాలు, గురులఘువులు, గణ విభజన పాఠాలు పెట్టే చిన్న వెబ్‌సైట్‌ని 2017 నుంచి నడుపుతున్నాను. సైట్‌కి ఎంతమంది వస్తున్నారో, ఎంతసేపు ఉంటున్నారో లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్‌ని అప్పట్నుంచీ వాడుతున్నాను. మొదటి ఏడాది దాన్ని తెరిచినప్పుడల్లా టెన్షనే. నెల రోజులు కూర్చుని రాసిన గణ విభజన పాఠానికి నేరుగా వచ్చినవాళ్ల సగటు సమయం సెకన్లలో కనిపించేది. చాలామందికి సున్నా. ఎవరూ చదవట్లేదనుకుని పాఠాన్ని ఐదు పేజీలుగా విడగొట్టాను. ఒక్కోదాని కింద ‘తర్వాతి భాగం’ అని బటన్ పెట్టాను. వారం తిరక్కుండానే సమయం నిమిషాల్లోకి వెళ్లింది. ఎంత సంబరపడ్డానో!

కొన్నాళ్లకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వచ్చి, “టీచర్, ఇదివరకులా అంతా ఒకే పేజీలో పెట్టరా? మా ఇంట్లో సిగ్నల్ సరిగా రాదు. బటన్ నొక్కిన ప్రతిసారీ తిరుగుతూనే ఉంటుంది” అంది. అంకె పెరిగింది, పిల్లకు తిప్పలూ పెరిగాయి. అప్పుడు గానీ ఆ సమయాన్ని ఎలా లెక్కకడతారో చూడాలని నాకు తోచలేదు.

అప్పట్లో ఉన్నది గూగుల్ అనలిటిక్స్ పాత రూపం, యూనివర్సల్ అనలిటిక్స్. మామూలుగా అది మనిషి ఎంతసేపు ఉన్నాడో కొలవదు. పేజీ తెరవగానే ఒక కబురు అందుతుంది, ఇంకో పేజీ తెరిస్తే ఇంకో కబురు. ఈ రెండింటి మధ్య తేడానే సమయం. ఒక పిల్లవాడు పది గంటలకు పద్యం పేజీ తెరిచి, పది దాటి నాలుగు నిమిషాలకు ఛందస్సు పేజీకి వెళ్లి, అక్కడ పన్నెండు నిమిషాలు చదివి మూసేశాడనుకోండి. చదివింది పదహారు నిమిషాలు, లెక్కలోకి వచ్చింది నాలుగే. చివరి పేజీ తర్వాత కబురేదీ లేదు కాబట్టి ఆ పన్నెండు నిమిషాలూ గల్లంతు. ఒక్క పేజీనే అరగంట శ్రద్ధగా చదివి వెళ్లిన పిల్లకు సున్నా. నేను పాఠాన్ని ముక్కలు చేసినప్పుడు పెరిగింది చదువు కాదు, కబుర్లు. మర్నాడే ఐదు పేజీలనూ మళ్లీ ఒకటి చేశాను.

2020 అక్టోబరులో దాని కొత్త రూపం గూగుల్ అనలిటిక్స్ 4, అంటే జీఏ4 వచ్చింది. పాతది 2023 జూలై 1 నుంచి మామూలు ఖాతాల్లో కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. మారడానికి నేను చాలా బద్ధకించాను గానీ, సమయం విషయంలో మాత్రం ఇది నిజంగా మెరుగు. పేజీ తెర మీద కళ్ల ముందు ఉన్నంతసేపే లెక్కేస్తుంది. దాని పేరు ఎంగేజ్‌మెంట్ టైమ్. వేరే ట్యాబ్‌కి వెళ్లినా, వాట్సాప్ తెరిచినా, ఫోన్ లాక్ అయినా లెక్క ఆగుతుంది. తిరిగి వస్తే మళ్లీ మొదలవుతుంది. కబుర్లు అందుతుంటే అప్పటికప్పుడు చూపించే డీబగ్ వ్యూ తెరిచి నా ఫోన్‌తోనే చూశాను. పేజీని మూడు నిమిషాలు ఉంచి, ఐదు నిమిషాలు వాట్సాప్‌లో ఉండి, వచ్చి ఇంకో రెండు నిమిషాలు చదివాను. మిల్లీసెకన్లలో వచ్చిన అంకెలు కూడితే ఇంచుమించు ఐదు నిమిషాలు. అన్నేళ్ల తర్వాత నమ్మదగ్గ అంకె కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది.

అయినా ఆ అంకె మొత్తం కథ చెప్పదు. మా అక్క కొడుకు ఆరో తరగతి. ఒక సాయంత్రం నా పక్కనే కూర్చుని, వాళ్లమ్మ ఫోన్‌లో నా సైట్ తెరిచి పద్యం భావం నోట్సులోకి ఎక్కించుకుంటున్నాడు. ఒక వాక్యం చూస్తాడు, తల వంచి రాస్తాడు. ఈలోగా తెర ఆరిపోతుంది. పెన్ను నోట్లో పెట్టుకుని ఫోన్ తెరుస్తాడు, ఇంకో వాక్యం చూస్తాడు. పావుగంట రాశాడు. తెర వెలిగింది మహా అయితే మూడు నాలుగు నిమిషాలు. కంప్యూటర్ దగ్గర దీనికి తిరగబడి ఉంటుంది. పేజీ తెరిచిపెట్టి టీకి లేచి వెళ్లినా, తెర ఆరనంతసేపూ సమయం పడుతూనే ఉంటుంది.

ఇంకో చిక్కు సగటుతో. తొమ్మిది మంది ఇరవయ్యేసి సెకన్లు ఉండి, పదో మనిషి ఇరవై నిమిషాలు ఉంటే సగటు 2 నిమిషాల 18 సెకన్లు వస్తుంది. అంతసేపు ఉన్నవాళ్లు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు! నా సైట్ సరిగ్గా ఇలాంటిదే. భావం చూసుకుని పోయేవాళ్లు ఒక రకం, గణాలు విడగొడుతూ కూర్చునేవాళ్లు ఇంకో రకం. అందుకే సైట్ మొత్తం సగటు చూడటం మానేశాను. పద్యం పేజీలను పద్యం పేజీలతోనే పోలుస్తాను. ఆటవెలది భావానికి ఇరవై సెకన్లు చాలు, తక్కువని బాధపడక్కర్లేదు.

జీఏ4లో సమయం ఒక్కో యూజర్‌కి వేరు, ఒక్కో సెషన్‌కి, అంటే ఒక్కోసారి వచ్చి వెళ్లినదానికి వేరు. ఒకే అమ్మాయి నెలలో నాలుగుసార్లు వస్తే యూజర్ లెక్కలో ఆ నాలుగూ కలుస్తాయి. కాబట్టి వారం రిపోర్టులోని అంకెను నెల రిపోర్టుతో పోల్చి ‘పెరిగింది’ అనుకోకండి. నేను అలాగే అనుకుని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను కూడా. పది సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఒకటి చేసినా దాన్ని ఎంగేజ్డ్ సెషన్ అంటుంది. మిగతావి బౌన్స్. ఆ పది సెకన్లను అరవై దాకా పెంచుకోవచ్చు. పది సెకన్లలో పద్యం కూడా పూర్తి కాదు కాబట్టి నేను ముప్పైకి మార్చాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే డేటా రిటెన్షన్‌ని, అంటే లెక్కల్ని ఎంతకాలం దాచాలనే సెట్టింగుని, 2 నెలల నుంచి 14 నెలలకు మార్చుకోండి. లేకపోతే మనకు కావలసినట్టు లెక్కలు తీసుకునే ఎక్స్‌ప్లోరేషన్స్‌లో పోయిన మార్చి పరీక్షల నాటి లెక్కలు కనిపించవు. ఈ కబుర్లు పంపే ట్రాకింగ్ కోడ్ పేజీలో ఒక్కసారే ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకసారి థీమ్ మార్చిన కుర్రాడు దాన్ని రెండుసార్లు అతికించాడు. ఒక్క పేజీ చూసినా రెండు చూసినట్టు లెక్కపడి బౌన్స్ రేటు ఒక్కసారిగా పడిపోతే పాఠాలు బాగున్నాయనే అనుకున్నాను.

ఉచితంగా దొరికే ఈ పనిముట్టును వదలను. అడిగినవాళ్లకు వాడమనే చెప్తాను. కానీ దీని సమయం లెక్కలో కనపడని ఒక మనిషి ఉన్నారు. గణ విభజన అభ్యాసాన్ని పీడీఎఫ్‌గా దించుకుని పావు నిమిషంలో వెళ్లిపోయే ఇంకో టీచర్. ఆ పావు నిమిషం వెనకాల ఒక తరగతి మొత్తం ఉండొచ్చు. డౌన్‌లోడ్‌లను జీఏ4 విడిగా లెక్కపెడుతుంది. సోమవారం పొద్దున స్కూలుకి బయల్దేరే ముందు ఇప్పుడు నేను మొదట తెరిచేది ఆ వరుసనే.